జానెడు ఉక్కు

"ఎన్ని టన్నులండీ?"

విజయవాడ వన్‌టౌన్‌లో ఓ ఇనుము దుకాణం. గల్లాపెట్టె వెనక కూర్చున్న యజమాని కళ్లజోడు సవరించుకుంటూ అడిగాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి నసిగాడు. "టన్నులు కాదండీ... ఇంత" అంటూ బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించాడు.

జానెడు!

ఇనుప పట్టీలు సర్దుతున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. యజమానికీ నవ్వొచ్చింది.

"జానెడు ఉక్కుతో ఏం చేస్తారు సార్?"

"కత్తి."

అంతే, నవ్వులు ఆగిపోయాయి. యజమాని మొహం మారింది. "అలాంటివి మా దగ్గర దొరకవండీ" అని పక్క బేరంలోకి వెళ్లిపోయాడు.

కత్తి అనగానే వాళ్లేం అనుకున్నారో అర్థమయ్యేసరికి ఆ పెద్దమనిషి రోడ్డు మీద ఉన్నాడు. ఆయనో బ్యాంకు ఉద్యోగి. వయసు నలభై దాటింది. చేతిలో పెన్ను తప్ప ఇంకేదీ పట్టి ఎరగడు. అలాంటివాడికి కత్తి చేయాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే... దానికి కారణం ఓ కత్తిపీట.

కత్తిపీట అటకెక్కింది

వాళ్లమ్మకు డెబ్బై ఏళ్లు. పన్నెండో ఏట పట్టిన కత్తిపీట. పీట మీద ఒక కాలు మడిచి కూర్చుందంటే గోరుచిక్కుళ్లు గంపెడున్నా పావుగంటే. ఆనపకాయ చెక్కు తీసినా, మామిడికాయ ముక్కలు కొట్టినా అన్నీ దాని మీదే. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడతో కబుర్లు చెప్పాలంటే ఆ పీట ఎదురుగా కూర్చోవాల్సిందే.

మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించారు. "ఇక కింద కూర్చోవద్దు" అన్నారు డాక్టరుగారు. కోడలు కత్తిపీటను అటకెక్కించి, బల్లా కుర్చీ వేసి, బజారు నుంచి మెరిసే కత్తి ఒకటి తెచ్చిపెట్టింది. ఆ కత్తి ఆవిడ చేతిలో ఇమడలేదు. పిడి సన్నం. తడి చేతికి జారిపోతుంది. నాలుగు రోజులు చూసి పక్కన పెట్టేశారు. నెమ్మదిగా వంటింట్లోకి రావడమే తగ్గించారు. "నాతో పనేముందిలే" అన్న మాట రోజుకు రెండుసార్లు వినిపించడం మొదలైంది.

కొడుకు అది వినలేకపోయాడు. అమ్మ అరచేతికి సరిపోయే కత్తి తనే చేయాలనుకున్నాడు. ఆదివారాలు ఎలాగూ ఖాళీయే కదా!

మొదటి కత్తి తేలిగ్గానే తయారైంది. వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపులో పట్టీ ముక్క ఒకటి ఊరికే ఇచ్చారు. ఆకురాయితో నెల రోజులు అరగదీశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. చెక్క పిడి బిగించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"బాగుందిరా నాన్నా" అన్నారావిడ.

రెండు వారాలు గడిచాయి. ఓ తెల్లవారుజామున వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్లాడు. అమ్మ నేల మీద ఉంది. ఎదురుగా కత్తిపీట. పక్కన సగం తరిగిన వంకాయలు. పైకి లేవలేక, ఎవర్నీ పిలవలేక గోడ పట్టుకుని కూర్చుని ఉంది.

"పడ్డావా అమ్మా?"

"లేదురా. లేవలేకపోతున్నానంతే."

లేవనెత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆవిడే అంది. "నీ కత్తి మంచిదేరా. వంకాయ దగ్గరే కాస్త మొహమాటపడుతోంది."

అతనికి నవ్వు రాలేదు. ఆ రోజు బ్యాంకులో పని మీద మనసు నిలవలేదు.

పేరు కాదు, పని చెప్పండి

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టలేదు. గేట్లకు వాడే ఇనుము మైల్డ్ స్టీలు. అందులో కార్బన్ సుమారు 0.2 శాతం. ఎంత కాల్చినా, ఏ నీళ్లలో ముంచినా అది కత్తికి కావాల్సినంత గట్టిపడదు. అంచు నిలవాలంటే కార్బన్ కనీసం 0.5, 0.6 శాతమైనా ఉండాలి. అలాంటి ఉక్కు ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న.

పుస్తకాల్లో పేర్లయితే దొరికాయి. 1095, 5160... ఆ అంకెలు కాగితం మీద రాసుకుని శనివారాలు బజార్లు పట్టుకు తిరిగాడు. "పది తొంభై అయిదు ఉందా?" అనడిగితే ఒకాయన ధర అనుకున్నాడు. ఇంకొకాయన బోల్టు సైజు అనుకున్నాడు. అవి అమెరికావాళ్లు పెట్టుకున్న పేర్లనీ, మన బజార్లో ఈఎన్-8, ఈఎన్-31, ఈఎన్-45 లాంటి పేర్లతో అడగాలనీ చెప్పేవాళ్లు లేరు. తెలిసినవాళ్ల దగ్గర ఉన్నా ఆరు మీటర్ల పట్టీ మొత్తం కొనాలి. ఒక్క కత్తి కోసం కోసివ్వరు.

చివరికి ఆటోనగర్ చేరాడు. లారీలకు బాడీలు కట్టేవాళ్లు, ఇంజన్లు విప్పేవాళ్లు, పాత సామాన్లు అమ్మేవాళ్లు... ఊళ్లో ఊరు అది. ఓ లేత్ షాపు ముందు నిలబడి మళ్లీ అంకెల చిట్టా తీశాడు. మిషన్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చిన మేస్త్రీ ఆ కాగితం వంక చూడనే లేదు.

"సార్, ముందు పేరు కాదు, పని చెప్పండి. దేనికి?"

దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు. "మా అమ్మకి... కూరగాయలు తరగడానికి..."

మేస్త్రీ నవ్వలేదు. "అలా చెప్పండి మరి. పదండి" అని భుజం మీద చెయ్యి వేసి నాలుగు షాపుల అవతలికి తీసుకెళ్లాడు. అక్కడ లారీల కమాన్ పట్టీలు తయారుచేస్తారు. వంచగా కోయగా మిగిలిన కొత్త ముక్కలు ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి. కిలోల లెక్కన ఇస్తారు. ఇన్నాళ్లూ వెతికిన సరుకు కాళ్ల దగ్గరే ఉంది!

"పాత కమాన్లు ఇంకా చవగ్గా వస్తాయి. కానీ లక్షల కిలోమీటర్లు బరువు మోసి ఉంటాయి. కంటికి కనబడని పగుళ్లుంటాయి. కొత్త ముక్కే తీసుకోండి" అన్నాడు మేస్త్రీ. ఉక్కును గుర్తుపట్టే ఉపాయమూ ఆయనే చూపించాడు. ముందు గేటు ఇనుము ముక్కను గ్రైండరుకు ఆనించాడు. నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా గీతల్లా వచ్చాయి. తర్వాత పాత ఆకురాయిని ఆనించాడు. రవ్వలు కాకరపువ్వొత్తి కాల్చినట్టు చిటపటమని విచ్చుకున్నాయి. ఎక్కువగా విచ్చుకుంటే కార్బన్ ఎక్కువ ఉన్నట్టు. కమాన్ ముక్క ఆ రెంటికీ మధ్యస్తంగా పూసింది.

అప్పట్నుంచీ అతను దుకాణాల్లో అడిగే తీరు మారిపోయింది. పేరు పక్కన పెట్టి పని చెప్పడం నేర్చుకున్నాడు. ఒక్కో తలుపూ తెరుచుకుంది. సామిల్లులో అరిగి పారేసిన రంపం బ్లేడు దొరికింది. పల్చటి చాకులకు అది బాగుంటుందట. బేరింగుల షాపువాళ్లు ఈఎన్-31 సంగతి చెప్పారు. అందులో కార్బన్ ఒక శాతం దాకా ఉంటుంది. పిడికి కొట్టే మేకుల కోసం ఇత్తడి కడ్డీ ముక్కలు లేత్ షాపులోనే దొరికాయి. ఉప్పుకాగితం, అరాల్డైటు మామూలు హార్డ్‌వేర్ కొట్లోవే.

పిడికి చెక్క కోసం ఇరవై కిలోమీటర్ల దూరంలోని కొండపల్లి వెళ్లాడు. బొమ్మలు చేసేవాళ్ల దగ్గర చెక్కకు కొదవేమిటని అతని ధీమా. అక్కడి పెద్దాయన ఓ ముక్క చేతిలో పెట్టాడు. దూదిలా తేలిగ్గా ఉంది. "ఇది పొణికి బాబూ. బొమ్మకైతే బంగారం. కత్తికి పెడితే నెల్లాళ్లు నిలవదు. తుమ్మ చేవ చూసుకోండి. బండి చక్రాలకు వాడినది అదేగా" అన్నాడు. కర్రల అడితిలో అడిగితే నల్లతుమ్మ చేవ ముక్క, జిట్టేగు ముక్క రెండూ ఇచ్చారు. ఒకచోట మాత్రం ఓ మనిషి గొంతు తగ్గించి "దుప్పికొమ్ము ఉంది, కావాలా?" అన్నాడు. అక్కణ్నుంచి వెంటనే వచ్చేశాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని క్రయవిక్రయాలు నేరం. కొత్తవాళ్లు తెలియక ఇరుక్కునేది ఇలాంటి చోటే. వంటింటి కత్తి సంగతీ ఓ లాయరు స్నేహితుణ్ని అడిగి తెలుసుకున్నాడు. కేవలం ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన పనిముట్లను 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదని ఆయన చెప్పాక మనసు కుదుటపడింది.

కొలిమి దగ్గర పాఠం

సరుకంతా చేరింది. కానీ కమాన్ పట్టీ మందం చూస్తే గుండె జారింది. దాన్ని ఆకురాయితో అరగదీయాలంటే ఈ జన్మకు అయ్యే పని కాదు. సాగగొట్టాలి. మేస్త్రీయే ఓ కమ్మరి దగ్గరికి పంపించాడు. ఊరి చివర రేకుల పాక. తిత్తి పోయి చేత్తో తిప్పే బ్లోయరు వచ్చింది. దాగలి మాత్రం వాళ్ల తాతల నాటిదే. ఒకప్పుడు నాగలి కర్రులూ కొడవళ్లూ చేయించుకునే రైతులతో ఆ పాక ముందు తిరునాళ్లలా ఉండేదట. ఇప్పుడు గడ్డపారలకు మొనలు సాగదీయించుకునేవాళ్లే ఎక్కువ.

"బాబాయ్, నేర్పుతారా?" అనడిగాడు.

"నేర్చుకునేవాడు వచ్చి ఎన్నేళ్లయింది! మావాళ్లే నేర్చుకోలేదు. సమ్మెట అందుకో" అన్నాడు ముసలాయన.

ఎర్రగా కాలిన పట్టీని పట్టకారుతో తిప్పుతూ ఆయన సుత్తితో చోటు చూపిస్తే, ఇతను సమ్మెట వేశాడు. రెండు ఆదివారాలకు పట్టీ పల్చబడింది. తర్వాత మళ్లీ కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశారు. అలా నెమ్మదిగా చల్లారితే ఉక్కు మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. రూపం దిద్దాక మళ్లీ గట్టిపరచాలి. అసలు పరీక్ష అదే.

మొదటి ముక్కను తొందరపడి చన్నీళ్లలో ముంచాడు. 'టింగ్'మంది. చిన్న చప్పుడే. అంచు నుంచి వీపు దాకా వెంట్రుకంత పగులు. మూడు వారాల కష్టం!

"దీనికి నీళ్లు పడవు. నూనె కావాలి" అన్నాడు ముసలాయన. షెడ్డుల్లో వాడేసిన ఇంజనాయిలు ఊరికే దొరుకుతుంది. కానీ అది తిండి తరిగే కత్తి. పైగా ఆ పొగ మంచిది కాదు. అందుకని గోరువెచ్చటి వేరుశనగ నూనె తెచ్చారు. ఎంత కాల్చాలన్నదానికి కొలత అయస్కాంతం. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్నుంచి ఇంకొంచెం ఎర్రబడగానే తీసి ముంచాలి. ముసలాయనకు అయస్కాంతంతో పనిలేదు. పాక తలుపు దగ్గరగా వేసి, చీకట్లో రంగు చూసి "ఊఁ, ఇప్పుడు" అన్నాడు. అయస్కాంతమూ ఆయన మాటే నిజమంది.

నూనెలోంచి తీసిన కత్తి మీద ఆకురాయి పెడితే గాజు మీద గీసినట్టు జారిపోయింది. గట్టిపడింది! కానీ అలాగే వదిలేస్తే కిందపడితే విరుగుతుంది. అందుకే ఇంటికి తెచ్చి 200 డిగ్రీల దగ్గర ఓవెన్లో గంట చొప్పున రెండుసార్లు కాల్చాడు. కేకుల ఓవెన్లో కత్తి పెట్టినందుకు భార్య రెండు రోజులు మాట్లాడలేదు. కత్తి మాత్రం ఎండుగడ్డి రంగు తిరిగింది. గట్టితనంలో కాస్త పోయి, దానికి బదులు ఓర్పు వచ్చింది.

ఆ పాకలో కూర్చునే ఓ సంగతి విన్నాడు. వందల ఏళ్ల కిందట నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు చేసేవారు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. లోకం 'ఊట్జ్' అని పిలిచిన ఆ ఉక్కుకు మన 'ఉక్కు' మాటే మూలమంటారు. అలాంటి నేల మీద జానెడు ముక్క కోసం తను ఏడు నెలలు తిరిగాడు! ముసలాయన మాత్రం తేలిగ్గా తీసేశాడు. "ఉక్కు ఎక్కడికి పోతుంది బాబూ! అడిగేవాళ్లు తగ్గారంతే."

ఇప్పుడతని దగ్గర చిన్న నోటుబుక్కు ఉంది. ఏ ముక్క ఎక్కడ దొరుకుతుందో, ఎవర్ని ఎప్పుడు కలవాలో రాసుకున్నాడు. జింకు పూత ఉన్న ఇనుము నిప్పుల్లో పెడితే విషపు పొగ వస్తుందనీ, గ్రైండరు ముందు మాస్కూ కళ్లద్దాలూ లేకుండా నిలబడకూడదనీ మొదటి పేజీలోనే ఉంది. మొత్తం ఖర్చు లెక్కేస్తే బజార్లో నాలుగు మంచి కత్తులు వచ్చేవి. ఆ లెక్క మాత్రం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

కత్తి తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు ఆదివారం. ఆరంగుళాల అంచు. లావుపాటి తుమ్మ పిడి. అమ్మ అరచేతిని కాగితం మీద పెట్టి గీసుకుని దాని కొలతకే చేశాడు. "ఇది స్టీలు కత్తి కాదమ్మా. చింతపండు తగిలితే నల్లబడుతుంది. తడి ఉంటే తుప్పు పడుతుంది. తుడిచి కాస్త నూనె రాయాలి" అని చెప్పాడు.

"మా కత్తిపీటకీ అంతేగా. నాకు చెబుతున్నావా?" అంది.

కుర్చీలో కూర్చుంది. వంకాయ తీసుకుంది. సగానికి, పావుకు, ముక్కలు... చకచకా నీళ్ల గిన్నెలో పడుతున్నాయి. కొడుకు కత్తి వంక చూడట్లేదు. అమ్మ మొహం వంకే చూస్తున్నాడు. ఆవిడ కోడలితో ఏదో చెబుతూ చెబుతూ చటుక్కున ఆగింది. చూపుడువేలి మీద ఎర్రటి చుక్క.

"అయ్యో, తెగిందా!" అంటూ ఇద్దరూ పరుగెత్తారు.

ఆవిడ తాపీగా పోపులపెట్టె పక్కనున్న పసుపు తీసి వేలికి అద్దుకుంది. కత్తిని ఓసారి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదిగో... ఇప్పుడు దీన్ని కత్తి అనొచ్చురా" అంటూ ఇంకో వంకాయ అందుకుంది.