కుడి చెయ్యి, ఎడమ కన్ను

కుడిచేత్తో తిని, కుడిచేత్తో రాసే మనిషి గురి చూసేది కూడా కుడికంటితోనే అనుకుంటాం. కాని గురి చూడవలసి వచ్చినప్పుడు మెదడు రెండు కళ్ళ మాటా సమానంగా వినదు. ఒక కంటి మాటే చెల్లుతుంది. చేతివాటం ఉన్నట్టే కంటివాటమూ ఉంది. కుడిచేతివాటం వారిలో ఇంచుమించు మూడోవంతు మందికి పెద్దరికం ఎడమ కంటిదేనట. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయిన నాకు ఈ సంగతి మా మనవరాలి మూలంగా తెలిసింది.

మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి, మధ్యలో చిన్న సందు ఉంచండి. రెండు కళ్ళూ తెరిచే ఆ సందులోంచి గోడమీది గడియారాన్ని చూడండి. గడియారం కనుమరుగు కాకుండా చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోండి. అవి ఏ కంటి ముందుకు చేరితే అదే మీ వాటపు కన్ను. మా ఇంట్లో ఒక ఆదివారం అందరం వరసగా నిలబడి చేశాం. మా ఆవిడకూ, కొడుకూ కోడలికీ కుడి కన్ను. నాకూ, మనవరాలికీ ఎడమ కన్ను.

మాది షోలాపూర్. తూర్పు భాగంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పద్మశాలి కుటుంబం. పిల్లకు బాణాల పిచ్చి 2023 ఆగస్టులో పట్టుకుంది. బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మన దేశపు ఆడపిల్లల కాంపౌండ్ జట్టుకు బంగారు పతకం వచ్చింది. జట్టులో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, మన సతారా పిల్ల అదితి స్వామి, పంజాబ్ నుంచి పర్నీత్ కౌర్. ఒకరు మన భాష, ఒకరు మన రాష్ట్రం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే మా పిల్లకు ఇద్దరూ సొంతవాళ్ళే అయిపోయారు. అదితి వ్యక్తిగత పోటీలో కూడా గెలిచి పదిహేడేళ్ళకే ప్రపంచ విజేత అయ్యేసరికి, పదకొండేళ్ళ మా పిల్ల "తాతా, నాకింకా ఆరేళ్ళున్నాయి" అని లెక్క చెప్పింది. తీసివేత సరిగానే చేసింది కాబట్టి నేనేమీ అనలేకపోయాను.

చేర్పించిన చోట రికర్వ్ విల్లు ఇచ్చారు. రెండు నెలలు గడిచాయి. నిలబడటం, లాగటం, వదలటం అన్నీ చక్కగా చేస్తోంది. బాణం మాత్రం ఎడమవైపుకే పోతుంది. ఒకోసారి చెదరకుండా నాలుగు బాణాలు ఒకేచోట గుచ్చుకునేవి, కాని కాగితం బయట. పిల్ల రోజురోజుకీ ముడుచుకుపోయింది. "నాకు రాదు తాతా" అనటం మొదలుపెట్టింది. ఒకరోజు కోచ్ గారు ఆమెను ఎదురుగా నిలబెట్టి, చేతుల సందులోంచి తన ముక్కు చూడమన్నారు. ఆ సందులో ఆయనకు కనబడింది ఎడమ కన్ను. "గురూజీ, పిల్ల తప్పేం లేదు, కన్ను వేరే పక్కనుంది" అని మరాఠీలో నాతో అన్నారు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. కుడిచేతివాటం విలుకాడు ఎడమచేత్తో విల్లు పట్టి, కుడిచేత్తో తాడు లాగి, గడ్డం కింద ఆనిస్తాడు. బాణం తోక కుడికంటికి సూటిగా కింద ఉంటుంది. చూపు ఎడమకంటిదైతే? రెండు కళ్ళ మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. విల్లుకున్న గురిపుల్ల కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లక్ష్యం 10 మీటర్లు. ఎడమ కన్ను, గురిపుల్ల, లక్ష్యం ఒక గీతలోకి వచ్చేలా విల్లు జరిపితే, కుడికంటి కిందినుంచి బయల్దేరిన బాణం ఏటవాలుగా ఎడమకు చూస్తుంది. పుల్ల దాటాక మిగిలిన 9.3 మీటర్లు ఆ 70 సెంటీమీటర్లకు పదమూడు రెట్లు పైచిలుకు. కాబట్టి 6 సెంటీమీటర్ల తేడా లక్ష్యం దగ్గర 80 సెంటీమీటర్లవుతుంది. కాగితం అడ్డుకొలత 122, నడుమ నుంచి అంచుకు 61. బాణాలు కాగితం బయట పడటంలో వింతేముంది! పిల్ల గురి తప్పలేదు. ఎడమ కన్ను చెప్పిన చోటుకే వేసింది.

ఇక దారులు ఏమిటన్నది ప్రశ్న. ఎడమ కన్ను మూసుకుని వేయవచ్చు. కాని ఒక కన్ను బిగించి మూస్తే ముఖమంతా బిగుసుకుంటుంది, ఆ బిగువు మెడకూ భుజానికీ దిగుతుంది. పోటీలో డజన్ల కొద్దీ బాణాలు అలా వేయటం కష్టం. అంతకంటె మేలైనది ఆ కంటికి అడ్డు పెట్టడం. కళ్ళజోడు ఎడమ అద్దానికి టేపు అంటించటమో, కంటికి గంత కట్టుకోవటమో చేస్తారు. పోటీ నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి కూడా. ఏళ్ళ తరబడి కుడిచేత్తో వేసి చెయ్యి తీరినవాళ్ళకు ఇదే మంచిదని కోచ్ గారన్నారు. మూడోది, చెయ్యే మార్చటం. విల్లు కుడిచేత పట్టి, ఎడమచేత్తో తాడు లాగటం. కొత్తగా నేర్చుకునే పిల్లలకు చాలామంది చెప్పేది ఇదే. ఎందుకంటే విల్లు లాగటం రెండు చేతులకూ కొత్తే. చెయ్యి పని నేర్చుకుంటుంది గాని, కన్ను అంత సులువుగా మాట వినదు.

వీటన్నిటికంటె ముందు కంటి డాక్టరుకు చూపించమన్నారు. ఒక కన్ను మందగించినందువల్ల రెండో కన్ను పెత్తనం తీసుకుని ఉంటే అది విల్లుతో తేలే వ్యవహారం కాదు. చూపించాం. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది. మా అక్కకు ఎనభై దాటాయి. "ఆడపిల్ల, డావ చేత్తోటి బాణమా?" అంది. (మా ఇళ్ళలో ఎడమను డావ అంటాం. మరాఠీ నుంచి వచ్చిందని పిల్లలు నవ్వుతారు గాని, పాత తెలుగులో ఎడమచేతిని డాకేలు అన్నారని వాళ్ళకు తెలియదు.) పటంలో రాముడు కోదండం ఏ చేత పట్టాడో చూడమన్నాను. "విల్లు ఎడమచేత పట్టిండు, బాణం కుడిచేత్తోటే గుంజిండు గదా" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. అర్జునుణ్ణి తెచ్చాను. రెండు చేతులతోనూ గాండీవం లాగగలడు కాబట్టే సవ్యసాచి అని పేరు వచ్చిందన్నాను. "ఆయన రెండు చేతులతోటి ఏసిండు. దీన్ని ముందు ఒక్కచేత్తోటి సక్కగ ఏయమను" అంది.

అక్క మాటకు నాకు కోపం రాలేదు. నా మనసు మరోచోట ఉంది. నేను పుట్టుకతో ఎడమచేతివాణ్ణి. బళ్ళో వేసిన ఏడాది, ఎడమచేత్తో పలక మీద రాశానని ఒక పంతులు ఆ వేళ్ళ కణుపుల మీద బద్దతో కొట్టేవాడు. ఇంట్లో మా నాన్న అన్నం ముందు ఆ చేతిని వెనక్కి కట్టించేవాడు. ఆరు నెలల్లో కుడిచేతివాణ్ణయ్యాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు. కాని చీకట్లో తలుపు గొళ్ళెం వెతికేటప్పుడు, పడబోయేటప్పుడు ముందుకొచ్చేది ఇప్పటికీ ఎడమ చెయ్యే. కంటిని కూడా మార్చాలని ఎవరికీ తోచలేదు గనుక అది అలాగే ఉండిపోయింది.

అలాంటి నేను ఇప్పుడు కుడిచేతి పిల్లను కూచోబెట్టి, నీ చెయ్యి మార్చుకో అనాలి. ఆ మాట నా నోటినుంచి రాలేదు. కోచ్ గారికీ, మా అబ్బాయికీ ఒకటే చెప్పాను. ఏది చేసినా పిల్లను అడిగి చెయ్యండి, రెండూ చూపించి చెయ్యండి అని.

అలాగే చేశారు. పదిహేను రోజులు రోజు విడిచి రోజు. ఒకరోజు కుడిచేత్తో, కళ్ళజోడుకు టేపు వేసి. మర్నాడు ఎడమచేత్తో. ఎడమ రోజుల్లో చూడాలి దాని అవస్థ. తాడు గడ్డం దాకా రాదు. భుజం పైకి లేస్తుంది. తాడు మోచేతి లోపల తగిలి కమిలింది. కుడిచేతి రోజుల్లో బాణాలు నడుమకు వచ్చేవి, ఎడమ రోజుల్లో ఎటుబడితే అటు. నేను అడ్డు కన్ను వైపే మొగ్గుతుందనుకున్నాను. పదహారో రోజు పొద్దున పాలు తాగుతూ "ఎడమే" అంది. ఎందుకే అంటే, "టేపు పెడితే సగం ఇల్లు చీకటైనట్టుంది తాతా. ఎడమ రోజు అంతా కనబడుతుంది" అంది.

తర్వాత తిప్పలు విల్లు గురించి. అక్కడున్నవన్నీ కుడిచేతివే. విల్లు నడుమ పట్టుకునే భాగం ఒకవైపు కోసి ఉంటుంది కాబట్టి అది ఎడమచేతిదే కావాలి, తెప్పించుకోవాలి. రెండు కొమ్ములు మాత్రం ఎటైనా పనికొస్తాయి. వేళ్ళకు పెట్టుకునే తోలుముక్క ఎడమచేతిది కొన్నాం. మోచేతి పట్టీ పక్క మారిస్తే సరిపోయింది. లాగే బరువు 20 పౌన్ల నుంచి 14కు దించారు. ఇంట్లో రబ్బరు పట్టీ ఒకటి కిటికీ ఊచకు కట్టి, రోజూ అద్దం ముందు యాభైసార్లు లాగేది. మా అక్క మంచం పక్కనే ఆ కిటికీ. నలభై దాటాక పిల్ల లెక్క తప్పుతుందని అక్కే పైకి లెక్కపెట్టటం మొదలుపెట్టింది.

నాలుగు నెలలకు బరువు మళ్ళీ 20కి వచ్చింది. బాణాలు కాగితం లోపలే పడుతున్నాయి, ఎరుపులో ఎక్కువ, పసుపులో అప్పుడప్పుడు. రాత, భోజనం, క్యారమ్స్ అన్నీ కుడిచేత్తోనే. విల్లు అందుకున్నప్పుడు మాత్రం రెండో మనిషిలా అటు తిరిగి నిలబడుతుంది. మొన్న నాక్కూడా ఆ విల్లు ఇచ్చి లాగమంది. బాణం లేకుండా తాడు వదలకూడదని ముందే హెచ్చరించింది. మెల్లగా లాగి, మెల్లగా దించాను. ఎడమచెయ్యి వణకలేదు.