ఒక జత బూట్లు, అయిదు రకాల నేల

స్కీయింగ్ వీడియోలు చూసే అలవాటుంటే 'ఆల్-మౌంటెన్' అనే మాట మీకు తెలిసే ఉంటుంది. ఒకే జత స్కీలు. పొద్దున గడ్డకట్టిన మంచు మీదా, చెట్ల మధ్య పిండిలాంటి కొత్త మంచులోనూ, మధ్యాహ్నం ఎండకి కరిగి చిత్తడైన మంచులోనూ అవే పనిచేయాలి. పాదం కింద సన్నగా ఉంటే గట్టి మంచును అంచుతో కోసుకుంటూ పోతాయి, పిండి మంచులో మాత్రం కూరుకుపోతాయి. వెడల్పుగా ఉంటే పిండి మంచు మీద తేలతాయి, గట్టి మంచు మీద మలుపు తిరగడానికి బద్ధకిస్తాయి. అందుకే ఈ రకం స్కీలు 80, 100 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడతాయి. పరీక్ష చేసేవాళ్ళు వాటితో అన్ని రకాల మంచు మీదా దిగి, ఎక్కడ ఏది చేతులెత్తేసిందో రాస్తారు.

మా కర్నూలు, కడపల్లో మంచెక్కడిది? ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. కానీ నేల సంగతికొస్తే మేమేం తక్కువ తినలేదు. ఎర్రమట్టి, నల్లరేగడి, నాపరాయి, కొండరాయి, ఏటి ఇసుక... బండి మీద గంటసేపు పోతే కాలికింద సరుకు మారిపోతుంది. పైగా అదే నేల మే నెలలో ఒకలా, జూలైలో ఇంకోలా ఉంటుంది. బూట్ల డబ్బాల మీద 'ఆల్-టెరైన్' అని గొప్పగా రాస్తుంటారు కదా, ఆ మాట తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

సరదా ఒక్కటే అయితే ఇంత తిరిగేవాణ్ణి కాదు. మా నాన్నకి పదిహేనేళ్ళుగా షుగర్. అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయింది. ముల్లు గుచ్చుకున్నా, రాయి కాలినా ఆయనకి తెలీదు. సాయంత్రం సాక్సు విప్పాక మేం చూసి చెప్పాలి. ఒట్టి కాళ్ళతో నడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆయన మాత్రం ఈసారి అహోబిలం కొండెక్కి తీరాలంటాడు. ఏ బూట్లు తొడిగి పంపాలి? షాపులో రెండడుగులు వేసి చూసి చెప్పే సంగతి కాదిది.

అందుకే తొలకరి పడ్డాక, జూలై మొదట్లో, నేనూ ఒక స్నేహితుడూ బండి మీద నాలుగు రోజులు తిరిగొచ్చాం. వెంట మూడు జతలు. ఒకటి అడుగున 5 మిల్లీమీటర్ల లోతు గుబ్బలున్న ట్రైల్ షూ. రెండోది చిన్న గుబ్బలు, మెత్తటి రబ్బరు ఉన్న నడక బూటు. మూడోది టైరు చెప్పులు. బ్రాండ్ల పేర్లు చెప్పను, ఇది ప్రకటన కాదు. పద్ధతి చాలా సింపుల్: ఎడమకాలికి ఒక జతలోది, కుడికాలికి ఇంకో జతలోది తొడుక్కుని అదే నేల మీద నడవడం. జారితే ఏ కాలు జారిందో వెంటనే తెలుస్తుంది. చూసేవాళ్ళకి నవ్వు గ్యారంటీ.

మొదట తుగ్గలి వైపు పోయాం. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం వంగి వంగి నడుస్తుంటారు. వజ్రాల కోసం. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్ళు మెరుస్తాయి కాబట్టి అప్పుడే సీజను. ఎక్కడెక్కడి నుంచో సద్ది కట్టుకుని వస్తారు. ఈ నేల ఎర్రది, గరుసుది. తడిసినా ఒక పూటలో ఆరిపోతుంది. లోతు గుబ్బల బూటు ఇక్కడ రాజా. వదులు గరుసులో గుబ్బలు దిగి పట్టుకుంటాయి. చిన్న గుబ్బలవి గట్టు ఎక్కేటప్పుడు కొంచెం జారాయి, అంతే. అసలు సమస్య పల్లేరుగాయలు. రెండు బూట్ల అడుగునా గుచ్చుకుని చెరో డజను ఊడొచ్చాయి. మెత్తటి రబ్బరులో ఒక ముల్లు సగం దాకా దిగింది. సర్కారు తుమ్మ ముల్లయితే ఇంకా లోపలికి పోయేదేమో.

అక్కడే ఒక గొర్రెల కాపరి నా రెండు కాళ్ళూ మార్చి మార్చి చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇంటికాడ చీకట్లో తొడుక్కొనొచ్చినావా?"

పరీక్ష సంగతి చెప్పాను. ఎంత పడినాయని అడిగాడు. నాలుగు వేల పైన అన్నాను. ఆయన తన కాలు పైకెత్తి అడుగు చూపించాడు. లారీ టైరు గాళ్ళు ఇంకా కనపడుతున్నాయి. "ఇదేసుకో సామీ. ముల్లు దిగల్లంటే దానికే సిగ్గయితాది."

నిజమే. టైరు లోపల రబ్బరు ఒక్కటే ఉండదు, దారాల పొరలుంటాయి. అందుకే ముల్లు అంత తేలిగ్గా దిగదు. ముల్లకంపల నేలలో పుట్టిన తెలివి అది. గుత్తి–పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్న బండలు చూడ్డానికి ఆగినప్పుడు టైరు చెప్పులే వేసుకుని చుట్టూ తిరిగాను. ఎండిన బండ మీద కూడా బాగానే పట్టాయి. (బండల మీదకెక్కి ఫొటోలు దిగకండి. రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి అక్షరాలు.)

తాడిపత్రి మీదుగా బెలుం చేరేసరికి కథ తిరగబడింది.

కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహల గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1980ల మొదట్లో, జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలంతా కొలిచారు. 3,229 మీటర్లు. జనానికి తెరిచింది 2002లో. అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవొచ్చు. ఇవన్నీ నీళ్ళు సున్నపురాయిని కరిగించి తొలిచిన దారులు. ఆ రాయికి భూగర్భ శాస్త్రంలో నార్జి సున్నపురాయి అని పేరు. నార్జి కడప జిల్లాలోని ఊరు. మీ వంటింట్లో అలమర బండగానో, గచ్చుగానో ఉండే కడప రాయి కూడా ఈ కుటుంబానిదే. అంటే ఈ రాయి స్వభావం మీకు కొత్తేం కాదు. నున్నన. తడి తగిలితే మరీ నున్నన.

గుహ లోపల ఉక్క భరించలేం. పాతాళగంగ వైపు దిగేకొద్దీ రాయి చెమ్మగా ఉంటుంది. ఇక్కడ లోతు గుబ్బల బూటు పరువు పోయింది. కారణం తేలికే. గుబ్బలు మట్టిలో దిగడానికి పుట్టినవి. నున్నటి రాయిలో దిగడానికేముంది? గుబ్బల కొసలు మాత్రమే రాయిని తాకుతాయి, మధ్య సందులన్నీ వృథా. మెత్తటి రబ్బరు, చిన్న గుబ్బల బూటు రాయికి అతుక్కున్నట్టు నిలబడింది. పైన ఎర్రమట్టిలో గెలిచిన కాలు లోపల ఓడింది. టైరు చెప్పులు రెండడుగులకే విప్పి చేత్తో పట్టుకున్నాను. రోడ్డు మీద వేల కిలోమీటర్లు అరగకుండా తిరగాల్సిన రబ్బరు గట్టిగా ఉంటుంది, తడి రాయి మీద దానికి పట్టు లేదు.

బయటికొస్తే దారిపొడుగునా నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలు. కోత మిషన్ల నీళ్ళతో రాతిపొడి కలిసి బూడిదరంగు బురద. అందులో బండలు మోసేవాళ్ళలో చాలామంది కాళ్ళకి మామూలు హవాయి చెప్పులే. బూట్ల గురించి ఇంత తీరిగ్గా ఆలోచించే నాకు అక్కడ కాసేపు మాట రాలేదు.

మూడోరోజు గండికోట. జమ్మలమడుగు నుంచి తెల్లారకముందే బయల్దేరాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు ఇది. రెండు పక్కలా దాదాపు 300 అడుగుల నిట్టనిలువు రాతి గోడలు. రీల్స్‌లో మీరు చూసిందే. రీల్స్‌లో తెలియనిది పాదం కింద రాయి. ఇది బెలుం రాయి కాదు. ఇసుకరాయి గట్టిపడి క్వార్ట్‌జైట్‌గా మారింది. దీనికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే ఉంది. చేత్తో రాస్తే ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంటుంది. పొడిగా ఉంటే ఏ బూటైనా పడుతుంది, టైరు చెప్పులతో సహా. రంగనాథస్వామి గుడి వెనక బండల మీద మూడు జతలకీ మంచి మార్కులే పడ్డాయి.

ఆ నమ్మకమే ప్రమాదం. బండ పైన అక్కడక్కడా శనగగింజంత రాళ్ళు చెదిరి ఉంటాయి. పాదానికీ బండకీ మధ్య అవి పడితే బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. బూటు ఎంత ఖరీదైనదైనా అప్పుడు పట్టుకునేది రాయిని కాదు, దొర్లే గింజని. అంచుకి చాలా ముందే, చదునైన బండ మీద ఉద్దేశపూర్వకంగా ప్రయత్నించాను. లోతు గుబ్బల కాలు కూడా జానెడు జారింది. అదే అంచు దగ్గరైతే? నాకు పది అడుగుల దూరంలో ఒక కుర్రాడు ఫోన్ పైకెత్తి, వీపు లోయ వైపు పెట్టి, వెనక్కి అడుగులేస్తున్నాడు. కాళ్ళకి నున్నగా అరిగిన స్నీకర్లు. అతని స్నేహితురాలు చొక్కా పట్టుకుని లాగింది. గండికోటలో ఏ బూటు వేసుకోవాలని అడిగితే నా జవాబు ఇంతే: ఏదైనా వేసుకోండి, వెనక్కి మాత్రం నడవకండి.

మధ్యాహ్నం జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో నడిచాం. చెప్పడానికి పెద్దగా లేదు. జాలీ గుడ్డ ఉన్న బూట్లలోకి ఇసుక చేరి పది నిమిషాల్లో కాలు ఒరుసుకుంది. చెప్పులే మేలు, ఒట్టి కాలు ఇంకా మేలు. కాకపోతే వెనక్కి తిరిగి మా అడుగుల జాడలు చూసుకుంటుంటే కలివికోడి గుర్తొచ్చింది. ఇదే కడప జిల్లా లంకమల చిట్టడవుల్లో 1986లో మళ్ళీ కనిపించిన పక్షి. అంతకుముందు ఎనభై ఏళ్ళకి పైగా దాన్ని చూసిన దాఖలా లేదు. రాత్రిపూట తిరిగే ఆ పిట్టని పట్టుకోవడానికి పరిశోధకులు అడవిలో మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి కాలిముద్రలు చదివేవాళ్ళు. నేలకి అన్నీ గుర్తుంటాయి.

జమ్మలమడుగు నుంచి కోవెలకుంట్ల దారి పట్టగానే నల్లరేగడి మొదలవుతుంది. ఇంతదాకా గెలుపోటములున్నాయి. ఇక్కడ అందరూ ఓడారు. ముందురోజు రాత్రి వాన పడింది. చేనుగట్టు దిగి ఇరవై అడుగులేశాను. మొదటి అడుగుకి బూటు బరువు. అయిదో అడుగుకి రెట్టింపు. పదో అడుగుకి కాలికింద మట్టిపెళ్ళ, దానికి గడ్డి, గడ్డికి ఇంకో మట్టిపెళ్ళ. నీళ్ళు తాగి ఉబ్బే బంకమన్ను ఈ నేలలో ఎక్కువ. అదే ఎండాకాలంలో ఆరి, చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. లోతు గుబ్బలు మట్టిని వదిలించుకుంటాయని డబ్బా మీద రాసుంది. ఏ దేశం మట్టిని చూసి రాశారో! టైరు చెప్పు అయితే మట్టిలోనే ఉండిపోయి కాలొక్కటే పైకొచ్చింది.

పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళంతా ఒట్టి కాళ్ళతోనే ఉన్నారు. చెప్పులు వరసగా గట్టు మీద. "యిప్పేయి నాయనా, యీ మట్టికి చెప్పు పనికిరాదు" అందొక పెద్దావిడ, నా అవస్థ చూసి.

నాన్న మనసులో మెదిలాడు. ఒట్టి కాళ్ళతో నడవడం తప్ప దారిలేని నేల ఆయనకి మూసుకుపోయినట్టే. ఆయన పుట్టింది రేగడి చేల మధ్యే. ఈ మాట ఇంట్లో చెప్పలేదు.

చివరికి ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం. దిగువ అహోబిలం నుంచి ఎగువకి ఎనిమిది కిలోమీటర్లు, బస్సు పోతుంది. అసలు నడక అక్కడి నుంచి జ్వాలా నరసింహుడి దాకా, ఇంకా పైకి ఉక్కు స్తంభం దాకా. నల్లమల అడవి, భవనాశి వాగు, మెట్లు, మెట్లు లేనిచోట రాళ్ళు. నాలుగు రోజుల్లో చూసిన నేలలన్నీ ఇక్కడ ఒక్క దారిలోనే వచ్చాయి. తడి ఆకుల కింద మట్టి, దాని పక్కనే పాచి పట్టిన రాయి, వాగు దాటేచోట గుండ్రాళ్ళు. మట్టిలో లోతు గుబ్బలు, రాయి మీద మెత్తటి రబ్బరు గెలిచాయి. పాచి మీద ఎవరూ గెలవలేదు, చేతికర్ర గెలిచింది. మొత్తమ్మీద చిన్న గుబ్బల బూటే ఎక్కువ చోట్ల నిలబడింది. ఎక్కడా ఫస్టు క్లాసు కాదు, ఎక్కడా ఫెయిల్ కాదు, ఒక్క రేగడిలో తప్ప.

కానీ గుడి దగ్గర ఏ బూటైనా విప్పాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం గుడి బండ ఎంత కాలుతుందో మీకు తెలుసు, మనం గెంతుతూ పరిగెడతాం. స్పర్శ లేని పాదం గెంతదు, నింపాదిగా నడుస్తుంది, బొబ్బలెక్కుతుంది. అక్కడ బూటు కంటే గడియారం ముఖ్యం. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే పొద్దున్నే తీసుకెళ్ళండి, మందపాటి సాక్సులు తొడిగించండి, దిగొచ్చాక అరికాళ్ళు మీరే చూడండి.

నాన్నకి చిన్న గుబ్బల జతే కొన్నాం, అరసైజు పెద్దది. సాయంత్రమైతే కాళ్ళు కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రమే షాపుకి తీసుకెళ్ళాను. జ్వాలా నరసింహుడి దాకా, చలికాలంలో, చేతికర్రతో, అని ఒప్పందం. ఉక్కు స్తంభం ఈసారికి లేదు. ఆయన కళ్ళు మాత్రం మూల పెట్టిన టైరు చెప్పుల మీద పడ్డాయి. తొడుక్కుని వరండాలో అటూ ఇటూ నడిచాడు. "యివే బాగుండాయి కదరా, నూరేండ్లొస్తాయి" అన్నాడు. పట్టీ ఒరుసుకుంటే ఆయనకి తెలీదు. విప్పించి, నా బండి డిక్కీలో పెట్టేసుకున్నాను.