ఏసీలోకి ఒక తీగ

గుంటూరులో ‘ఏసీ’ అంటే గోడకు తగిలించే పెట్టె కాదు, మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ. ‘ఈ ఏడు రేటు లేదండీ, కాయలు ఏసీలో పెట్టాం’ అని రైతు అన్నాడంటే, కల్లంలో ఎండిన పంటను టిక్కీలకు, అంటే బస్తాలకు, తొక్కి, మంచి ధర వచ్చేదాకా చలిలో పడుకోబెట్టాడని అర్థం. చిలకలూరిపేట రోడ్డు పక్కనున్న అలాంటి ఏసీ ఒకదానికి ఇంటర్‌కామ్ వేస్తున్నారంటే జనవరిలో ఒకరోజు చూడబోయాను.

ఈ పనికి జనవరే అదును. పాత సరుకు చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది, కొత్త కాయ ఇంకా ముమ్మరంగా రాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకు సీజన్. అది ముదిరితే రోజుకు లక్ష టిక్కీలు దాటి దిగుతాయి. అప్పుడు ఇక్కడ నిచ్చెన వేసే సందు కూడా దొరకదు.

‘చేతిలో సెల్లు ఉండగా ఈ తీగలెందుకు?’ అని గుమస్తాను అడిగాను. ఆయన మాట్లాడకుండా నన్ను ఒక చాంబర్‌లోకి తీసుకెళ్లాడు. మిగిలిన తేజ, 334 రకాల టిక్కీలు కప్పు దాకా నెట్టు వేసి ఉన్నాయి. లోపల 4 నుంచి 8 డిగ్రీల మధ్య చలి. వెనక తలుపు మూసుకుంది. నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వేడిని ఆపడానికి కట్టిన మందపాటి గోడలు, రేకు తొడిగిన తలుపులు, నిలువెత్తు సరుకు కలిసి మాటను కూడా ఆపేశాయి. ‘ముఠా కూలీలు పైనెక్కడో సరుకు తీస్తుంటారండీ. కింద ఒకరు చూసుకోకుండా తలుపేసి పోతే ఎంత అరిచినా వినపడదు’ అన్నాడు.

తీగ లాగుతున్నాయన టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అక్కడ అందరూ ఆయన్ని ‘బాబాయ్’ అంటారు. వెంట ఒక కుర్రాడు. కేబుల్ చివర తొక్క ఒలిచి జతలు విడదీస్తుంటే, బాబాయ్ వాడిచేత ఎక్కంలా వల్లె వేయిస్తున్నారు: ‘బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్.’ ప్రతి రంగుకూ తోడు ఒక తెల్ల తీగ. రెండింటికీ పురి తిప్పి ఉంటుంది. ఆ పురి ఊరికే కాదట. పక్కనున్న మోటారు గోల రెండు తీగల మీదా సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, మాట మిగులుతుంది. అయినా కరెంటు వైరు పక్కన దీన్ని నడిపించరు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి.

‘తీగ ఎక్కడ తెగుద్ది బాబాయ్?’ అన్నాను.

‘తీగ తెగదు బాబూ. అతుకు పోద్ది.’

ఆ ముక్కకు వ్యాఖ్యానం యంత్రాల గదిలో దొరికింది. ఈ ఏసీలో చలి పుట్టించేది అమ్మోనియా. తేమ తోడైతే రాగిని తినేస్తుంది. అందుకే అమ్మోనియా పోయే గొట్టాలన్నీ ఇనుమువే. పాత ఫోన్ పెట్టె విప్పి చూపించారు. లోపలి అతుకులు నెమలిపింఛం రంగుకు తిరిగి, వేలితో తాకితే రాలిపోయాయి. అందుకే ఇప్పుడు ఆ గదిలో అతుకన్నదే లేకుండా ఒకే ముక్క తీగ లాగారు. కంప్రెసర్ హోరులో గంట వినపడదు కాబట్టి ఫోన్ మీద ఎర్ర దీపం పెట్టారు.

చాంబర్ గోడ దగ్గర మరో చిక్కు. తీగ కోసం గోడకు బెజ్జం పెడితే, బయటి వేడిగాలి ఆ పైపులోంచి చలిలోకి దూరుతుంది. అందులోని తేమ నీళ్లై పెట్టెలోకి కారుతుంది. మిరప దుమ్ము ఎటూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఏ స్విచ్చూ బతకదు. తీగ దూర్చాక పైపు నోట్లో నురగ నింపి గట్టిగా మూసేశారు. ‘మాట పోవాల, గాలి పోగూడదు’ అన్నారు బాబాయ్.

ఆఫీసు గదిలో ఎక్స్ఛేంజీ పెట్టె, కింద బ్యాటరీలు. ఊళ్లో కరెంటు పోయినా లైన్‌కు కావలసిన 48 వోల్టులు వాటి నుంచి వస్తాయి. రిసీవరు ఎత్తగానే ఆ ఒత్తిడి 10 వోల్టుల లోపుకు పడిపోవడం మీటరులో చూపించారు. ‘ఎవరో పిలుస్తున్నారని దీనికి తెలిసేది అట్టాగే. అయితే రింగొచ్చేటప్పుడు మాత్రం చెయ్యి పెట్టబాక, గుంజుద్ది.’

టీ తాగుతూ పాత సంగతులు తీశారు. 1984లో సీ-డాట్ సంస్థ పుట్టింది. అది చేసిన 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజీ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదట మోగింది. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని, చల్లటి గది లేకుండానే పనిచేయడం దాని గొప్ప. ‘అప్పుడు ఏసీ అక్కర్లేని డబ్బాకు ఊళ్లల్లో తీగలు లాగా. ఇప్పుడు ఏసీలోకే లాగుతున్నా’ అని నవ్వారు.

చాంబర్ లోపల తలుపు పక్కన బిగించిన పెట్టెకు అంకెలు లేవు. అరచేయంత బటన్ ఒక్కటే, అదీ నడుమెత్తులో. నొక్కితే ఆఫీసులో మోగుతుంది. పైన పెడితే అందంగా ఉండేది కదా అన్నాను. ‘పడిపోయినోడికి అందాల గదా’ అన్నారు.

సాయంత్రం పరీక్ష. గుమస్తా తనే లోపలికి వెళ్తానన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. చీకట్లో దాన్ని వెతుక్కోవలసింది ముఠా వాళ్లే కాబట్టి వాళ్లలోంచే ఒక కుర్రాణ్ణి పంపి, లైటు తీయించి, తలుపు వేయించారు. అందరం ఫోన్ చుట్టూ నిలబడ్డాం. అర నిమిషం గడిచింది. గుమస్తా తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

అప్పుడు మోగింది. ఎత్తి స్పీకరు పెట్టాడు. అవతల ఎవరో మాట్లాడబోయి, కాయల ఘాటుకు ఆపుకోలేక పెద్దగా తుమ్మారు.

‘చిరంజీవ’ అన్నాడు గుమస్తా. కుర్రాడి నవ్వు తీగ వెంట వచ్చింది.