మనుమరాలి పిస్తోలు

దీపావళి ఇంకా ఇరవై రోజులున్నదనగా మా మనుమరాలు వచ్చి, "తాతా, నాకొక పిస్తోలు కావాల" అన్నది. మేము పత్రికలోనుంచి తల ఎత్తకుండానే సరేనన్నాము. వెంబకోట్టైలో కాపురముంటూ పిస్తోలు అడిగిన బిడ్డను కాదనేవాడెవడు? ఇటు శివకాశి, అటు సాత్తూరు, నడుమ మా ఊరు. పండుగ రోజుల్లో అంగళ్ళ గుమ్మాలకు తగరపు పిస్తోళ్ళు, ప్లాస్టిక్ పిస్తోళ్ళు పొట్లకాయల్లాగ వ్రేలాడుతూ ఉంటాయి. దానికి తోడు బిళ్ళల రీళ్ళ పెట్టె ఒకటి. మొత్తం ఖర్చు మా వక్కాకు ఖర్చును మించదు.

"ఆ బిళ్ళల పిస్తోలు కాదు తాతా. పదమూడేండ్లు వచ్చినాయి, నేనేమి చంటిపిల్లనా? గాలి పిస్తోలు. మనూ భాకర్ పట్టుకున్నదే, అది."

ఇక తల ఎత్తక తప్పలేదు.

2024 జూలై 28న పారిస్ ఒలింపిక్స్‌లో ఆ హర్యానా పిల్ల పది మీటర్ల గాలి పిస్తోలు పోటీలో కంచు పతకం గెలిచిన రోజున మా ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాము. గురి పోటీలలో ఒలింపిక్ పతకం తెచ్చిన భారత స్త్రీలలో ఆమే మొదటిది. అయితే మా మనుమరాలి మనసులో అంతకంటె ముందునుంచీ ఉన్నది హైదరాబాదు పిల్ల ఈషా సింగ్. 2018లో జాతీయ పోటీలలో పెద్ద పెద్దవాళ్ళను దాటుకొని ఆమె గెలిచినప్పుడు వయసు పదమూడేళ్ళు. "ఆమెకూ పదమూడు, నాకూ పదమూడు" అన్నది మా వాళ్ళమ్మాయి. ఈ లెక్కకు ఎదురు లెక్క మాకు తోచలేదు.

ఇంట్లో సభ కూడింది. మా ఇంటావిడ, "రేపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఏమని చెప్పేది? పిల్ల వండుతుంది, పాడుతుంది, కాలుస్తుంది అనా?" అన్నది. మా వాడు ఫోనులో ధరలు చూచి, పోటీలకు పనికివచ్చే విదేశీ పిస్తోలు లక్ష రూపాయలు దాటుతుందని చదివి, ఫోను బోర్లా పెట్టాడు. మేము ఆలోచించి చెపుతామన్నాము. ఇంట్లో పెద్దరికానికి ఇప్పటికీ చెల్లుతూ ఉన్న మాట ఇదొక్కటే.

నిజానికి మేము ఆలోచించినది ధర గురించి కాదు, మా ఎడమ తొడ గురించి. అక్కడ రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉన్నది. మా మొదటి పిస్తోలు చేసిన గురుతు అది.

1960ల నాటి మాట. మా నాయన కొనిచ్చిన తగరపు పిస్తోలు నడుమున దోపుకొని, రెండు రీళ్ళు నిక్కరు జేబులో కుక్కుకొని, అదే జేబులో గోలీలు, ఒక తాళంచెవి, రెండు పైసల నాణెం వేసుకొని మేము ఊరిమీద పడ్డాము. చెరువుగట్టు ఎక్కి దూకేసరికి జేబులో ఏదో చిటపటమన్నది. ఆ తరువాత మాకు తెలిసినది మంట, మా కేక. ఆ బిళ్ళలలో ఉండేది పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరము. విడివిడిగా ఉన్నప్పుడు రెండూ అంత కోపిష్టివి కావు. కలిసి ఆరినాయంటే గట్టి రాపిడి చాలు. ఒక్క బిళ్ళయితే చిటుక్కుమని ఊరుకుంటుంది, చుట్టకు చుట్ట ఒక్కసారే అంటుకొంటే ఊరుకోదు. మా నాయన మమ్ములను కొట్టలేదు. పిస్తోలును మాత్రం తీసికెళ్ళి బావిలో పారవేశాడు. తప్పు దానిదేనని అప్పట్లో మేమూ నమ్మాము.

మా సీమలో తుపాకి ఇంట్లో ఉండే కాలము ఏనాడో పోయింది. ఇక్కడి తెలుగు పాళెగాళ్ళ కోటలలో ఒకప్పుడు ఈటె, కత్తి, తుపాకి అన్నీ ఉండేవి. 1799లో కట్టబొమ్మును కయత్తారులో ఉరితీశారు. మళ్ళీ లేచిన తిరుగుబాటు 1801లో అణగిపోగానే ఇంగ్లీషువారు ఆయుధాలు అప్పగించండని చాటింపు వేశారు, కోటలను నేలమట్టం చేశారు. ఆ తరువాత రెండువందల ఏళ్ళుగా మా ఇళ్ళలో తుపాకి అంటే దీపావళి బొమ్మే. అందువలన తుపాకి పట్టే మర్యాద చెప్పగల ముసలివాడు మా వంశంలో ఒక్కడూ మిగలలేదు. మందు మర్యాద తెలిసినవాళ్ళు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు.

వాళ్ళలో మా వదినె ఒకతె. మా అన్న పోయిన తరువాత పిల్లలను సాకడానికి ఆమె చాలా ఏళ్ళు బిళ్ళల షెడ్డులో పనిచేసింది. కాగితంమీద తడిమందు చుక్కలు పెట్టడం, పైన మరొక కాగితం అంటించడం, ఆరిన తరువాత చీల్చి చుట్టడం. తడిగా ఉన్నంతసేపు అది సాధువు, ఆరితేనే పులి అంటుంది. షెడ్డులోకి పోయేముందు గుమ్మం దగ్గరి రాగి పలకను అరచేత్తో తాకాలి, ఒంటిలోని కరెంటు దిగిపోవడానికి. నూలు చీరే కట్టాలి. ఇనుప వస్తువు ఉండకూడదు. గదిలో నలుగురికి మించి కూర్చోకూడదు. అన్నానికి ముందు మోచేతులదాకా కడుగుకోవాలి. ఈ సూత్రాలు ఎక్కడ తప్పితే అక్కడ ఏమవుతుందో మా తాలూకాలో చెప్పనక్కరలేదు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగినది, 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చన్‌కుళంలో జరిగినది పేపర్లలో అందరూ చదివినదే. అచ్చన్‌కుళం వార్త వచ్చిన రోజున మా వదినె అన్నం ముట్టలేదు. చనిపోయినవారు ఇరవైమందికి పైబడినారు.

ఆమెను అడుగుదామని తోచింది. మనుమరాలిని వెంటబెట్టుకొని పోయి విషయం చెప్పాము. వదినె ఏమీ అనలేదు. లోపలికి పోయి, మా చిన్న మనుమడు కిందటేడు ఆడి పారవేసిన తగరపు పిస్తోలు తెచ్చి, "పట్టుకో చూద్దాం" అని దాని చేతికిచ్చింది. పిల్ల నవ్వుతూ అందుకొని, చూపుడువ్రేలు ట్రిగ్గర్‌మీద పెట్టి, "కదలొద్దు అవ్వా!" అని ఆమె వైపే గురిపెట్టింది.

వదినె దాని మణికట్టుమీద ఛెళ్ళున ఒకటి వేసింది.

"దీంట్లో ఏమీ లేదు గదవ్వా!" కండ్లలో నీళ్ళు తిరిగినాయి పిల్లకు.

"లేదని నీకెట్లా తెలుసు? విప్పి చూసినావా? షెడ్డులో లేదనుకున్న చోటనే మందు ఉంటాది. ఉన్నదనే పట్టుకోవాల. మనిషి దిక్కు తిప్పకూడదు. పని లేనప్పుడు వ్రేలు దాని జోలికి పోకూడదు. ఇది నేర్చుకున్నంక మీ తాతను అడుగు."

ఆ తరువాతి ఆదివారం మేము మనుమరాలితో శివకాశి, విరుదునగరం, తిరుమంగలం దాటి మదురైకి పోయి, అక్కడ గురి నేర్పే ఒక చోటును వెదికి పట్టుకొన్నాము. గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసిన సూత్రాలు చదివి మాకు ఆశ్చర్యం వేసింది. ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే భావించు. కాల్చదలచని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్‌మీద వ్రేలు పెట్టకు. మా వదినె చెప్పినవే, కాస్త బడి భాషలో ఉన్నవి. సీసపు గుళ్ళు ముట్టుకొన్న చేతులు కడిగిగాని ఏమీ తినకూడదని కూడా వ్రాసి ఉన్నది.

అక్కడ నేర్పే ఆయన నడివయసువాడు, తక్కువ మాట్లాడే మనిషి. మేము ఏ పిస్తోలు కొనమంటారని అడిగితే, "ఏదీ కొనకండి" అన్నాడు. అమ్మే యావ లేని మనిషి గనుక ఆయన మాటలు శ్రద్ధగా విన్నాము.

గాలి పిస్తోళ్ళలోనూ జాతులు ఉన్నవట. బజారులో చవకగా దొరికేది స్ప్రింగు పిస్తోలు. దానిని ఎక్కుపెట్టడానికే పిల్లల బలం చాలదు, పైగా కాల్చినప్పుడు లోపలి బరువు ముందుకూ వెనుకకూ గుంజుతుంది. దానితో నేర్చుకొంటే ఆ కుదుపుకు జడవడమే ముందు అలవాటవుతుంది. రెండవది, ప్రక్కనున్న మీటను ఒక్కసారి లాగి నొక్కితే ఆ ఒక్క గుండుకు సరిపడే గాలి పట్టేది. కుదుపు దాదాపు ఉండదు, ప్రతిసారీ ఒకే శక్తి. మూడవది, గొట్టం క్రింద గాలి సిలిండరు ఉండేది. పోటీలవాళ్ళందరూ పట్టేది ఇదే, ధర చూచి మా వాడు ఫోను బోర్లా పెట్టినదీ ఇదే. వీటిలో కొన్నింటికి ట్రిగ్గర్ కరెంటుతో పనిచేస్తుంది. చాలా మెత్తన, కాని యంత్రం యంత్రమే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఇదే మనూ భాకర్ పోటీ నడుమ పిస్తోలు చెడి, బాగుచేయించుకొనేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయి, రెండే రెండు పాయింట్లలో ఫైనల్ తప్పిపోయింది. మా మనుమరాలికి ఈ కథ ముందే తెలుసు. మాకు చెప్పకుండా దాచింది, కొనమాటను వెనక్కు తీసుకుంటామని.

"ముందు బరువు చూద్దాం" అన్నాడాయన. పోటీ పిస్తోలు ఒకటిన్నర కిలో మించరాదని నియమం. మామూలుగా కిలోకు అటూ ఇటూ ఉంటుంది. కిలో అంటే మనకు ఒక లెక్కా? అయితే ఒక్క చేతితో, చేయి చాచి, నిలబడి పట్టుకోవాలి, రెండో చెయ్యి సాయం పట్టకూడదు. పిల్ల చేతికి క్లబ్బు పిస్తోలు ఇచ్చి గోడవైపు చాచమన్నాడు. పదిహేను లెక్కపెట్టేసరికి గొట్టం కొస గాలిపటం తోకలాగ ఆడసాగింది. అంతదూరం వచ్చినందుకు మేమూ పట్టి చూచాము. మా లెక్క ఇక్కడ వ్రాయము.

తరువాత పిడి. అరచేతికి నిండుగా ఉండి, చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్తని భాగం తిన్నగా ట్రిగ్గర్‌మీద ఆనాలట. మా అమ్మాయి వ్రేలు అక్కడిదాకా అందలేదు. అందుకోబోతే మణికట్టు వంకర పోతున్నది. చిన్న చేతులవారికి చిన్న పిడులు వేరే ఉంటాయి. ఏడాదిలో చేయి పెరుగుతుంది, పిడి మార్చాలి. ఇప్పుడు కొంటే కొన్నది ఏడాదికే పాతదవుతుంది. ట్రిగ్గర్ కనీసం ఐదువందల గ్రాముల బరువుకు గాని కదలకూడదని మరొక నియమం. మెత్తని ట్రిగ్గర్ మంచిదనుకొంటారు గాని, కొత్తవాళ్ళకు దానివలన అనుకోకముందే ప్రేలే ప్రమాదం ఉన్నది.

పది మీటర్ల దూరాన అట్టమీద పది పాయింట్ల చుక్క అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. దానిని తేరిపార చూడాలని మేమనుకొన్నాము. కాదట. గొట్టం కొసనున్న చిన్న గుబ్బను తేటగా చూడాలి, దూరపు చుక్క మసకగానే ఉండాలి.

లైసెన్సు సంగతీ అడిగాము. 2016 నియమావళి ప్రకారము 4.5 మిల్లీమీటర్ల కంటె పెద్ద గొట్టమున్నవి, 20 జౌళ్ళకు మించిన శక్తిగలవి అయితేనే గాలి తుపాకికి లైసెన్సు కావాలి. ఈ పోటీ పిస్తోళ్ళు అంతదాకా పోవు. ఐదారు జౌళ్ళుంటుంది. కిలో రాయి అర మీటరు ఎత్తునుంచి పడితే వచ్చే దెబ్బ ఐదు జౌళ్ళు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ దెబ్బ అంతా శనగగింజకంటె చిన్న సీసపు గుండు కొసను చేరి కంటికి తగిలితే కన్ను పోతుంది. లైసెన్సు వద్దన్నంత మాత్రాన పెరట్లో కాకులమీద కాల్చే వస్తువు కాదని ఆయన అన్నప్పుడు మేము మనుమరాలి వైపు చూచాము. అది మా వైపు చూచింది. మందుగుండు వేసే నిజం పిస్తోలు సంగతి వేరు. దానికి లైసెన్సు, ఇరవైఒక్క ఏళ్ళ వయసు, పోలీసు విచారణ, అన్నీ ఉన్నవి. మా ఇంటికి అది అక్కరలేదు.

కొనకుండానే తిరిగివచ్చాము. నెలకు రెండు ఆదివారాలు మదురైకి పోవడం, అక్కడి మీట పిస్తోలుతోనే నేర్చుకోవడం, చేయి పెరిగాక కొనేమాట చూడడం అని ఒప్పందం కుదిరింది. మా ఇంటావిడ ఒప్పుకొన్నది గాని, బస్సులో తోడు మేమే పోవాలని షరతు పెట్టింది. మోకాళ్ళు ఎవరివో ఆమెకు పట్టినట్టు లేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మనుమరాలు అరుగుమీద నిలబడి నీళ్ళసీసా చేయి చాచి పట్టుకొంటుంది. మొదట సగం నీళ్ళు, తరువాత ముప్పాతిక. వదినె ఎదురరుగుమీద కూర్చొని వత్తులు చేస్తూ లెక్కపెడుతుంది. దారిన పోయే మనిషి వైపు సీసా మూతి తిరిగితే అక్కడినుంచే కేక వేస్తుంది. "నీళ్ళే కదవ్వా" అంటే ఒప్పుకోదు.

మొన్న మొదటిసారి గుళ్ళు వేసి కాల్చనిచ్చారు. పిల్ల ఇంటికి తెచ్చిన అట్టమీద పదింటికి ఆరు చిల్లులు ఉన్నవి, ఒకటి మాత్రం నలుపులో పడింది. మిగిలిన నాలుగు ఏమైనవని మేము అడగలేదు. వదినె అట్టను అటూ ఇటూ త్రిప్పి చూచి, "చేతులు కడుక్కున్నావా?" అన్నది.

దీపావళికి చిన్న మనుమడికి తగరపు పిస్తోలే కొన్నాము. రీళ్ళ డబ్బా వదినె ఇంట్లో ఉన్నది. వాడు ఒక్కొక్క చుట్టా అడిగి తెచ్చుకోవాలి. తెచ్చేటప్పుడు జేబులో వేసుకోకుండా అరచేతిలో పెట్టుకొని నడవాలని అక్క చెప్పిందట, పసుపు కుంకుమ పళ్ళెం మోసినట్టు మోసుకొని వస్తున్నాడు.