మేడ మీద తయారైన రెక్క

అల మీద నిలబడి దూసుకొచ్చే ఆటలో చూసేవాళ్లకు కనిపించేది మనిషే. మహా అయితే అతడి కాళ్ల కింది బల్ల. ఆ బల్ల అడుగున, తోక దగ్గర, చేప రెక్కలా దిగి ఉండే ఫిన్ ఎవరి కంటా పడదు. అది లేకపోతే బల్ల తోక పక్కకు జారుతుంది, మనిషి నీళ్లలో పడతాడు. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ వైకీకీలో పాత స్పీడ్‌బోటు అడుగున ఉండే పలకను తెచ్చి తన బల్లకు బిగించేదాకా ఈ ఆటకు ఆ పట్టు లేదు. 1981లో ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల బల్లతో బెల్స్ బీచ్ పోటీ గెలిచాక ప్రపంచమంతా దాని వెంట పడింది.

అలాంటి ఫిన్ ఒకటి సముద్రం కనిపించని కోల్‌కతాలో, భవానీపూర్‌లోని మా అద్దె ఇంటి మేడ మీద తయారైంది. కారణం పురీ. బెంగాలీ మధ్యతరగతికి సముద్రమంటే పురీ, పురీలో స్నానమంటే నూలియా. కోసుగా ఉండే తెల్లటి టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అల దాటించే ఈ నూలియాలు తెలుగు జాలర్లని భవానీపూర్‌లో చాలామందికి తెలియదు. వాళ్ల పేట పెంఠకటాలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి ఓ కుర్రాడు పర్యాటకులకు సర్ఫింగ్ నేర్పి నాలుగు డబ్బులు సంపాదిస్తాడు. అతడికున్నది ఒకే ఒక్క బల్ల, అదీ సెకండ్‌హ్యాండ్‌ది. ఇసుక మేట తగిలి దాని ఫిన్ విరిగింది. విదేశీ సరుకు తెప్పించుకోవాలంటే అతడి పదిహేను రోజుల సంపాదన. సీజనేమో దగ్గరపడింది. ‘‘అన్నా, కలకత్తాలో దొరకదా?’’ అని ఫోన్ చేశాడు. దొరకలేదు. కొలతలు పంపమన్నాను.

ఇలాంటి బల్లకు విప్పి తీసే ఫిన్ ఉండటం అదృష్టమే. బల్లతో కలిపి అతికించిన ఫిన్ విరిగితే అడుగు కూడా చీలుతుంది. ఇక్కడ బల్లలో పొడవాటి గాడి ఉంటుంది. ఫిన్ మొదట్లో వెనకవైపు అడ్డంగా ఓ పిన్ను, ముందువైపు ఓ స్క్రూ. ఆ రెండూ బిగిస్తే సరి. అందువల్ల ఫిన్‌ను సంచీలో వేసుకుని రైలెక్కవచ్చు.

చెయ్యడం సులువే, ఓపిక కావాలంతే. అద్దం పలకకు మైనం పట్టించి, దాని మీద చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే గాజుగుడ్డ పరిచి, హార్డ్‌నర్ కలిపిన రెజిన్ బ్రష్‌తో అద్ది, బుడగలు లేకుండా నొక్కాలి. ఒక పొర ఇంచుమించు పావు మిల్లీమీటరు. గాడికి సరిపడే తొమ్మిది మిల్లీమీటర్ల మందానికి 36 పొరలు పట్టాయి. అన్నీ ఒకేసారి వేస్తే రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పలక వంకరపోతుంది. అందుకే తొమ్మిదేసి పొరల చొప్పున నాలుగు విడతలు. ఆ వాసనకు కింది అంతస్తు నుంచి మాసీమా రెండుసార్లు పైకొచ్చి, పూజల ముందు కుమార్‌టులీలో ఇదే వాసనని చెప్పి వెళ్లారు. ఆమె మాట నిజమే. విదేశాలకు ఓడల్లో వెళ్లే దుర్గమ్మలు చాలామటుకు మట్టివి కావు, ఫైబర్‌గ్లాసువి.

ఆకారం కోసి అరగదీయడం అసలు పని. మధ్యలో మందంగా, అంచులకు వచ్చేసరికి పలచగా, రెండు వైపులా సమానంగా ఉండాలి. అరిగేకొద్దీ గాజు పొరలు పటంలోని కొండ గీతల్లా బయటపడతాయి. రెండు వైపులా ఆ గీతలు ఒకేలా వచ్చాయంటే ఫిన్ సరిగ్గా కుదిరినట్టే. మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు, నిండుచేతుల చొక్కా తప్పనిసరి. గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, చర్మానికి తగిలితే రాత్రంతా దురదే. చివర్లో పలచగా ఒక పూత రెజిన్.

హౌరా నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి పురీ. ఫిన్ గాడిలో కూర్చుంది. మూడో అలకే కుర్రాడు ఒడ్డుదాకా నిలబడి వచ్చాడు. అయితే ఒడ్డున కూర్చున్న అతడి మావ ఫిన్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘ఇది మా పడవల పనే గదా బాబూ’’ అన్నాడు.

ఆయన అన్నది నిజం. చెక్క దుంగలు కట్టిన తెప్పల కాలం వెనకబడింది. 2004 సునామీ తర్వాత తూర్పు తీరంలో ఫైబర్ పడవలు ఇంకా పెరిగాయి. పగులు పడితే గుడ్డ పరిచి రెజిన్ పోసి సరిచేసుకోవడం ఈ పేటల్లో రోజువారీ విద్య. విదేశం నుంచి రావాలనుకున్న వస్తువుకు కావలసిన ముడిసరుకు, పనితనం ఆ ఇసుకలోనే ఉన్నాయి. లేనిది అట్టముక్క మీద గీసిన ఆకారం, కొలతలు. అది వాళ్లకే ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా మావ పడవ మరమ్మతులో మిగిలిన గుడ్డతో రెండో ఫిన్ చేశాడట. కుర్రాడు ఫోన్‌లో ఫొటో పంపాడు. అంచులు నాదానికంటే నున్నగా ఉన్నాయి.