ఉప్పు తిన్న బండి

మా మైపాడు వైపు పాత మోటారుసైకిలు కొనేవారు రెండు ప్రశ్నలు తప్పక వేస్తారు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? లీటరుకు ఎంత ఇస్తుంది? వీటికన్న ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని నా ఉద్దేశం. ఈ బండి ఇన్నాళ్లూ ఏ ఊరిలో ఉన్నది? ఉదయగిరిలో లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికన్న సముద్రపుటొడ్డున ముప్పైవేలు తిరిగిన బండి ముసలిది. తెలుగు పండితునికి ఈ శాస్త్రమెందుకని చదువరులు నవ్వవచ్చును. ముప్పైయేళ్లు ఈ ఉప్పుగాలిలో బండి మీద బడికి పోయివచ్చినవానికి వ్యాకరణంతోపాటు ఇదీ కొంత వంటబడుతుంది.

నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు ఈ మధ్య 2016 నాటి స్ప్లెండరు కొని తెచ్చి చూపినాడు. తెల్లవారుజామున తీరాన చేపలు కొని, మంచుగడ్డలతో పెట్టెకెత్తి, బండి వెనుక కట్టుకొని బుచ్చిరెడ్డిపాళెం పల్లెలలో అమ్మి వస్తాడు. ఇద్దరు బిడ్డల తండ్రి. "బండి ఎట్టుండాది అయ్యోరా?" అన్నాడు. పైకి నిగనిగలాడుతున్నది. అమ్మినవాడు కొత్త రంగు కొట్టించినాడు. రంగు వాసన ఇంకా పోలేదు.

ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. మన పెద్దలు ఈ భేదం పాటించినారు. బండిలో రెండూ ఉంటాయి. బ్యాటరీ కొసల మీద పచ్చగా, తెల్లగా పేరుకొనేది చిలుము జాతి. వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, కొంచెం వాజిలైను రాస్తే చాలు. తుప్పు అట్లా లొంగదు. ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుముకు అంటిపెట్టుకొని ఉంటుంది. తడి ఆరనివ్వదు. అందుచేత వాన లేని రోజున కూడ ఇక్కడి బండి తడిసినట్లే లెక్క.

చేపలవాని బండికి గాలి ఒక్కటే కాదు శత్రువు. పెట్టెలో మంచు కరిగి, ఉప్పునీరు చుక్కచుక్కగా వెనుక చక్రం మీదనే పడుతుంది. కనుక నేను మొదట అక్కడే కూర్చున్నాను. చక్రపు పుల్లలను పూర్వం బండ్లకు ఆకులు అనేవారు. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూచినట్లు, చిన్న స్పానరుతో ఒక్కొక్క ఆకును తట్టినాము. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మూగగా పలుకుతుంది. నాలుగు మూగవి దొరికినవి. అయిదవది చేతికే ఊడి వచ్చింది. మీద అరవై కిలోల చేపలు, కింద ఈ చక్రం, మధ్యలో ఇద్దరు బిడ్డల తండ్రి! వానితో ఏమీ అనలేదు, వాడే ముఖం ఒకసారి తుడుచుకొన్నాడు.

వెనుక బ్రేకు డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు తొక్కినపుడు ఆ బాణం డ్రమ్ము మూత మీది గీతను చేరితే లోపలి షూలు అరిగిపోయినట్లు. చేరనే చేరింది. బకింగ్‌హాం కాలువ వంతెన దిగేటప్పుడు ఆ బ్రేకు ఎంతవరకు ఆపుతుందో ఊహించుకోవచ్చును. ఆకులూ బ్రేకు షూలూ ఆనాడే మార్పించవలెనని, అంతవరకు బరువు కట్టరాదని చెప్పినాను. తక్కినవి నింపాదిగా చేసుకోవచ్చును.

చైనుకు ఈ బండిలో చుట్టూ రేకు కప్పు ఉంటుంది. దుమ్ము నుండి కాపాడేది అదే, లోపలి తుప్పును కనబడకుండ దాచేదీ అదే. విప్పించి చూస్తే చైను ఎర్రమట్టి రంగులో ఉన్నది. కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, 90 నంబరు గేరు ఆయిలు పట్టించి, మిగులు తుడిచివేయవలెను. వెనకటి రోజులలో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పెట్టేవారు. మాట పాతదైనా పని అదే. చైను మధ్యలో ఎత్తి చూస్తే అంగుళం మేర ఆడవలెను. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి.

ఇంజను ఆయిలు విషయంలో అమ్మినవాడు మొన్ననే మార్చినానని ప్రమాణం చేసినా మార్చవలసిందే. ఇంజను కొంచెం వేడెక్కించి తీస్తే మడ్డి కూడ దిగుతుంది. దిగినది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపల నీరు చేరినట్లు. డబ్బా మీద జాసో ఎంఏ అనే అక్షరాలు చూచి కొనవలెను. మోటారుసైకిలులో క్లచ్చు పలకలు ఆ ఆయిలులోనే మునిగి ఉంటాయి, కారుకు పోసేది పోస్తే జారవచ్చును. టైర్లలో గాలి ముందు 25, వెనుక ఒక్కరికైతే 28, ఇద్దరుంటే 41. చేపల పెట్టె రెండవ మనిషి కిందనే లెక్క. టైరు పక్క గోడ మీది నాలుగంకెలలో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. అది కంపెనీ టైరే.

అసలు చిక్కు కడగడంలో వచ్చింది. రోజూ ఇంటికి రాగానే బండిని కడుగుమన్నాను. "కడుగుతానే ఉండా అయ్యోరా, బోరు నీళ్లతో" అన్నాడు. వారి పాళెంలో బోరు నీరే ఉప్పన! ఆ నీటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు పూసినట్లు. మంచినీళ్లతో కడుగుదామంటే వాని భార్య ఊరుకోలేదు. "తాగే నీళ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటా ఉంటే, బండికా?" అన్నది. ఆమె మాట న్యాయమైనది. దానికి బదులు చెప్పగల పుస్తకం నా దగ్గర లేదు. చివరకు ముగ్గురం కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చినాము. చేపల పెట్టె కింద రేకు తొట్టి బిగించి, కరిగిన నీరు గొట్టం ద్వారా చక్రానికి దూరంగా పడేటట్లు చేయడం. బియ్యం కడిగిన నీటితో, తరువాత ఒక్క చెంబు మంచినీటితో వెనుక చక్రం వరకే కడిగి, పొడిగుడ్డతో తుడవడం. అక్టోబరు నుండి డిసెంబరు దాకా వానలలో ఇంటిమీద నుండి పడే నీరు పీపాలో పట్టుకొంటే ఆ మూడు నెలలూ బండికి పండుగే.

ఇక చేపల వేట నిషేధ కాలమొకటి ఉన్నది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరాన మర పడవలు కదలవు. వీని బండీ కదలదు. తిరిగే బండికన్న నిలిచిన బండికే తుప్పు తొందర. ఇప్పుడు బంకులలో వచ్చే పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు ఉంటున్నది, అది తేమను పీలుస్తుంది. 2016 నాటి కార్బురేటరు బండి దానికోసం తయారైనది కాదు. సగం ట్యాంకుతో నిలిపితే ఖాళీ భాగంలో లోపలి రేకు చెమరుస్తుంది. కనుక నిండుగా పోయించి, పెట్రోలు మీట మూసి, కార్బురేటరులో మిగిలినది అడుగు మర విప్పి దించమన్నాను. వారానికొకసారి మీట తెరిచి పది నిమిషాలు ఊరిలో తిప్పి రావలెను. కప్పడానికి ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల తేమ పట్టేస్తుంది. పాత దుప్పటి మేలు. వాని భార్య లోపలికి పోయి ఒక దుప్పటి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూచి, మళ్లీ లోపల పెట్టి, ఇంకా పాతది వెదుకసాగింది.