అబ్బా షేర్వానీ

తమ్ముడి నిఖాకి నెల ముందు అబ్బాను తీసుకుని కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లాను. రెడీమేడ్ షేర్వానీ కొందామంటే వినలేదు. "నా నిఖాకి కూడా పత్తర్‌గట్టీలోనే బట్ట తీసి కుట్టించారు బేటా" అన్నారు. జిద్దు మనిషి.

ఆ రాతి కమానుల కింద దుకాణాలన్నీ తిరిగి బాదం రంగు బట్ట మూడున్నర మీటర్లు తీసుకున్నాం. అస్తర్ వేరే. పక్క గల్లీలో దర్జీ, తెల్లగడ్డం బుజుర్గ్. మా సలాంకి జవాబిచ్చి టేపు అందుకున్నాడు. ఛాతీ, నడుము, భుజం... ఆయన ఒక్కో నాప్ పైకి చదువుతుంటే నా గుండె జారింది. ఆపరేషన్ తర్వాత అబ్బా ఇంత తగ్గిపోయారని రోజూ చూసే కళ్లకి తెలియలేదు.

అబ్బా బయట చాయ్ తాగుతుంటే మెల్లగా అడిగాను: "చాచా, కొంచెం ఢీలాగా కుట్టండి. మళ్లీ ఒళ్లు చేస్తారు, ఇన్‌షా అల్లాహ్."

"ఢీలాగా కుడితే వలీమాలో అందరికీ బీమారే కనబడుతుంది బేటీ. ఒంటికి సరిగ్గా కుడతాను. లోపల కుట్లలో బట్ట వదులుతాను. తబియత్ బాగయ్యాక తెండి, విప్పి ఇస్తాను. మజూరీ వద్దు."

నిఖా రోజు అబ్బా నిటారుగా నిలబడి మెహమాన్లందరికీ సలాం చెప్పారు. బీమారీ సంగతి ఎవరూ అడగలేదు.

నిన్న ఈద్ నమాజుకి షేర్వానీ తొడుక్కుంటూ "గుండీలు పట్టడం లేదే!" అని చిరాకుపడ్డారు. అల్‌హమ్దులిల్లాహ్! హైదరాబాదుకి రెండు టికెట్లు తీశాను.